పాత కొయ్యసామానుపై నంటించిన చీటీలు



విద్యావిషయమును గూర్చి రెండు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మాకు వ్రాసియుండిరి. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించినవారము గావున మఱియొకటి మాకు తెలియదని వారి యభిప్రాయము కాబోలు. అందులకు తగినట్లు కొంత వ్రాసికొనియే వచ్చితిమి. కాని నిన్న సాయంకాలము మన విద్యార్థి వసతిగృహమున బసచేసి, అచ్చటి బల్లలను, బీరువాలను చూచిన పిమ్మట ఆ కాగితములను సంచిలోనే యుంచితిమి. రేపటి కార్యనిర్వాహక సమావేశమున ఆ సామానునంతటిని యంత్రముతో గీకించి, క్రొత్త పూత చల్లింపవలయునని యొక తీర్మానము రానున్నదని వింటిమి. కారణమేమని యడుగగా, వానినిండ స్టిక్కర్లు అంటియున్నవి, అవి యెంత గీకినను పోవుటలేదు, చూచుటకు వికారముగా నున్నవి అని చెప్పిరి. అందుచేత నేటి మా ప్రసంగము స్టిక్కర్లను గూర్చియే. నవ్వదలచినవారు నవ్వవచ్చును, మేమును నిన్న కొంత నవ్వుకొంటిమి.

ముందుగా మా తప్పు నొకదానిని చెప్పుకొనవలయును. మా తండ్రిగారికి టేకుతో చేసిన పుస్తకముల పెట్టె యొకటి యుండెను. దాని మూతపై వారు తమ పేరును, విళంబి సంవత్సర శ్రావణమాసము అని కాలమును సిరాతో స్వయముగా వ్రాసి, ఆ వ్రాతపై వడ్రంగిచేత లక్క పాలిషు పట్టించిరి. అది 1958వ సంవత్సరము. మేము ఉద్యోగవిరమణానంతరము ఊరు మాఱినప్పుడు సామాను తరలించు కూలీలు ప్రతి వస్తువునకును అంకె చీటీ నొకదాని నంటించిరి. పెట్టెకు పదునేడవ అంకె వచ్చెను. ఆ చీటీ సరిగా వ్రాత చివరనే పడినది. నేడు తీయుదము, రేపు తీయుదము అనుకొనుచు నాలుగు వేసవులు గడపితిమి. పిమ్మట నొకనాడు గోటితో గీకగా కాగితము పొరలు పొరలుగా చినిగినదే కాని జిగురు కదలలేదు. రంగుల దుకాణమునకు పోయి థిన్నరు తెచ్చి, గుడ్డ తడిపి, గట్టిగా రుద్దితిమి. చీటీ క్షణములో వచ్చినది. గుడ్డ తేనెరంగు నొందినది. ఆ తేనెరంగు మురికియని సంతోషించి మఱింత రుద్దితిమి. అది మురికి కాదు, పాలిషు. పాలిషు వెంట సిరాయు వచ్చినది. ఇప్పుడు మూతపై శ్రావణ అను మూడక్షరములు మాత్రము మిగిలియున్నవి. మా తండ్రిగారి పేరు పోయినది. కాళిదాసుని పాఠము చెప్పుటలో తప్పు పోయిన మఱునాడు దిద్దుకొంటిమి. దీనిని దిద్దుకొను నుపాయము లేదు.

ఆ తరువాత నీ విషయమై మాకు తెలిసిన వడ్రంగులను అడిగియు, గ్రంథములు చూచియు, మా యింటిలోని పనికిరాని పలకలపై ప్రయత్నించియు తెలిసికొన్నది మీకు నివేదించుచున్నాము.

అందఱును చేయు పొరపాటొకటి కలదు. చీటీని చూచి మందును వెదకుదురు. చూడవలసినది చీటీని గాదు, దాని క్రింది పూతను. కొయ్యకు మెఱుగుపూత మనకు చర్మము వంటిది. పూత యేదో తెలియనిదే ఏ ద్రవమును సీసా మూత తీయరాదు.

మన ప్రాంతములలో ఇరువదవ శతాబ్ది నడిమివఱకు చేసిన మంచి సామానునకు, అనగా గోదావరి టేకుతో గాని, రంగూనునుండి ఓడలలో వచ్చిన బర్మా టేకుతో గాని చేసిన బీరువాలకు, పందిరిమంచములకు, వ్రాతబల్లలకు, తఱచుగా నున్నది లక్క పాలిషు. లక్క పలుకులను స్పిరిటులో కరగించి, దూదిముద్దను మెత్తని గుడ్డలో చుట్టి, ఆ ముద్దతో పొరపై పొరగా పట్టించెడివారు. ఒక్క బల్లకు రోజులు పట్టెడిది. లక్క చెట్టునుండి స్రవించు బంక కాదని యీ సభలోని పిన్నలకు తెలియకపోవచ్చును. మోదుగ, రేగు మొదలగు చెట్ల లేతకొమ్మలపై గుంపులుగా పట్టు అతిసూక్ష్మమైన పురుగు తన చుట్టును కట్టుకొను గూడది. అమరసింహుడు లాక్షకు చెప్పిన పర్యాయపదములలో ద్రుమామయము ఒకటి. అనగా చెట్టునకు వచ్చిన రోగము. ఒక చెట్టు రోగము మఱియొక చెట్టు కొయ్యకు సొగసైనది! 1924లో రాంచీ సమీపమున నామ్కుమునందు లక్క పరిశోధనకే యొక సంస్థను నెలకొల్పిరి. మనలో పెద్దవారు చిన్ననాట విన్న గ్రామఫోను పళ్లెములు సైతము లక్కతో చేసినవే.

ఈ లక్కకు శత్రువులు నలుగురు. మొదటిది స్పిరిటు. దేనిలో కరగించి పూసితిమో దానిలోనే అది మఱల కరగును. ఎన్ని యేండ్లు గడచినను ఈ గుణము పోదు. 2020లో వ్యాధిభయముచేత చేతులకు రాచుకొను సారాయి ద్రవమును బల్లలపై చల్లినవారి యిండ్లలో తెల్లని మచ్చలు పడుటకు ఇదియే కారణము. రెండవది వేడి. సుమారు 65 నుండి 75 డిగ్రీల నడుమ లక్క మెత్తబడును. ఏటికొప్పాకలో బొమ్మలు చేయువారు అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు, దానికి లక్కబద్దను ఆనించి, రాపిడివలన పుట్టిన వేడిమితోనే రంగు నెక్కింతురు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన యా శిల్పమంతయు ఈ గుణముపై ఆధారపడినదే. బొమ్మకు గుణమైనది బల్లకు దోషము. వేడి గిన్నె పెట్టినచోట వలయము పడుట మీరెఱుగుదురు. మూడవది చాకలిసోడా, అమ్మోనియా, ఘాటైన సబ్బు మొదలగు క్షారములు. నాలుగవది నిలిచిన తడి. అది లక్కను పాలవలె తెల్లబఱచును.

తరువాతి కాలపు సామానునకు నైట్రోసెల్యులోసు లక్కరును, ఇటీవలి దానికి మెలమైను, పాలియురిథేను పూతలను వేసిరి. లక్కరునకు స్పిరిటువలన అంతగా హాని లేదు; థిన్నరును, గోళ్ల రంగు తీయు ఆసిటోనును దానిని కరగించును. మెలమైను, పాలియురిథేనులు గట్టివి. వీనికి భయపడవలసినది బ్లేడునకును, గరుకు కాగితమునకును. నిర్మల చిత్రములుగల పొణికికొయ్య సామానైనచో నిందులో నేదియు చేయక తెలిసినవారికి చూపుడు. అది పూత కాదు, బొమ్మ.

మఱి పూత యేదియో తెలియుటెట్లు? బల్లకాలి లోపలివైపున, ఎవరి కంటను పడనిచోట, పుల్లకు చుట్టిన దూదితో స్పిరిటు చుక్క నొకటి పెట్టుడు. అరనిముసము తాళి వ్రేలితో తాకుడు. జిగటగానైనచో లక్క. కానిచో ఆ ప్రక్కనే థిన్నరు చుక్క పెట్టి చూడుడు. మెత్తబడినచో లక్కరు. రెండింటికిని చలింపనిచో క్రొత్తకాలపు గట్టి పూత. కొందఱు పాత బల్లకు మధ్యకాలమున క్రొత్తపూత వేయించియుందురు. కావున కాలి పరీక్షతోబాటు పైబల్ల అంచు క్రిందను ఇంకొక పరీక్ష చేయుట మంచిది. ఈ రెండు నిముసముల పని మేము చేసియున్నచో మా తండ్రిగారి పేరు నిలిచియుండెడిది.

ఇక జిగురు సంగతి. పూర్వము చీటీలను గోందుతోనో, మైదాపిండి యుడికించిన జిగురుతోనో అంటించెడివారు. అది ఆరి గట్టిపడునట్టిది. తడి తగిలిన మఱల మెత్తబడును. స్టిక్కరు వేఱు జాతి. 1930లో అమెరికాలో రిచర్డు డ్రూ అనునాతడు పారదర్శకమైన అంటుపట్టీని, 1935లో లాస్ ఏంజిలిసు నగరమున స్టాంటను ఏవరీ అనునాతడు వెనుకకాగితము వలిచి అంటించు చీటీని చేసిరి. తొలినాటి జిగురు రబ్బరును, గుగ్గిలము వంటి రెసినును కలిపినది. నేటి వానిలో పెక్కింటియందు ఆక్రిలికు వాడుదురు. ఇది ఆరునది కాదు. ఎప్పటికిని సగము ద్రవముగానే యుండి, ఒత్తిన కొలది అంటును. ఏండ్లు గడచినకొలది గాలియు, వెలుతురును సోకి రబ్బరు జిగురు పసుపువన్నెకు తిరిగి, కొంతకాలము బంకసాగి, ఆపై పెళుసై కఱ్ఱను కఱచుకొనును. నీటికి లొంగదు. నూనెకు లొంగును. కావున నీటితో నానబెట్టువారు చీటీకి ఏమియు చేయక లక్కకు మాత్రము హాని చేయుదురు.

తీయు విధమును మన నీతిశాస్త్రము చెప్పిన చతురుపాయముల క్రమములోనే చెప్పవచ్చును. సామము వ్రేలు. చీటీ మూల నొకదానిని గోటితో మెల్లగా లేపి, పైకి లాగక, బల్లకు దాదాపు ఆనించినట్లుగా వెనుకకు మడచి, కఱ్ఱ నార పోవు దిక్కుగా లాగవలయును. నిటారుగా లాగినచో పెళుసైన పాలిషు పెచ్చులుగా ఊడివచ్చును. ఒక అంగుళమునకు ఒక నిముసము పట్టినను తొందరపడరాదు. క్రొత్త చీటీలలో పెక్కింటికి ఇదియే చాలును.

దానము వెచ్చదనము. తల ఆరబెట్టుకొను యంత్రమును తక్కువ వేడిమిపై నుంచి, జానెడు దూరమునుండి, ఒకేచోట నిలుపక ఆడించుచు, నడుమనడుమ మన చేతివెనుకను అచ్చట పెట్టి చూచుకొనవలయును. చేతికి వెచ్చగా నున్నంతవఱకు పాలిషునకు భయము లేదు, చుఱ్ఱుమనినచో ఆపవలయును. ఇస్త్రీపెట్టెను వాడువారిని చూచితిమి, చూడకున్న బాగుండెడిది. బల్లను ఎండలో పెట్టుట వలదు. జిగురు కరగుటకు ముందే అతుకులు విడును.

భేదము నూనె. అది జిగురునకును కొయ్యకును నడుమ చొచ్చును. కొబ్బరినూనె గాని, నువ్వులనూనె గాని వాడవచ్చును. అవిసెనూనె వలదు, అది తానే ఆరి పూతయగును. చీటీ పైపొర ప్లాస్టికు లేక నిగనిగలాడు కాగితమైనచో నూనె లోనికి దిగదు. కావున ముందు ఆ పైపొరను వెచ్చజేసి వలిచి, మిగిలిన కాగితముపై నూనె తడిపిన దూదిని పఱచి అరగంట యుంచుడు. తరువాత తాటియాకు ముక్కతో గాని, కాలముతీరిన బ్యాంకు కార్డు అంచుతో గాని మెల్లగా నెట్టుడు. చాకు, బ్లేడు, ఇనుపపీచు, గిన్నెలు తోము పచ్చనిపీచు ఇవి దగ్గఱ నుంచుకొనవద్దు. ఉన్నచో చేయి వానివైపే పోవును. ఒకమాఱు పోనిచో మఱల నూనె పెట్టుడు. మా యింట ఒక చీటీకి మూడు దినములు పట్టినది. ఒక సంగతి జాగ్రత్త: పూత బీటలువాఱి పచ్చికఱ్ఱ కనుపించుచోట నూనె పెట్టిన నల్లని మచ్చ లోనికి దిగును. అచ్చట వ్రేలును, వెచ్చదనమును తప్ప వేఱు లేదు.

దండము రంగుల దుకాణమున దొరకు మినరలు టర్పెంటైను. కిరసనాయిలు దొరకినచో అదియు పనిచేయును. ఇవి పాత జిగురును కరగించును గాని ఆరిన లక్కను కరగింపవు. మైనపు మెఱుగును మాత్రము తీసివైచును. మాటున పరీక్షించి, దూదితో అవసరమైనంత మాత్రమే, తలుపులు తెఱచి, దీపము, పొయ్యి దరి లేకుండ వాడవలయును. టర్పెంటైనును, థిన్నరును చూచుటకు రెండును నీళ్లవలెనే యుండును, ఒకే అరలో నుండును. సీసాపై పేరు చదువుకొనుడు. నీలగిరితైలము శీఘ్రముగా పనిచేయునని కొందఱందురు. నిజమే, కాని కొన్ని పూతలను గూడ మెత్తబఱచును.

గోందు చీటీలకు, పిండిజిగురు చీటీలకు నూనె పనికిరాదు. బాగుగా పిండిన తడిగుడ్డముక్కను చీటీ కొలతకే కత్తిరించి, దానిపై రెండు మూడు నిముసములుంచి, తీసి, వెంటనే పొడిగుడ్డతో తుడువవలయును. ఇచ్చట నొక వింత. పాశ్చాత్యదేశముల వస్తుప్రదర్శనశాలలలో పురాతనవస్తువులను బాగుచేయువారు దూదిని తమ లాలాజలముతో తడిపి తుడుచుట కలదు. 1990లో పోర్చుగీసు పరిశోధకులు ముగ్గురు, ఉమ్మిలో పిండిపదార్థమును విఱుగగొట్టు ద్రవ్యముండుటచేత నది మంచినీటికన్న మేలుగా శుభ్రపఱచునని ప్రకటించిరి. దానికి 2018లో, ముందు నవ్వించి పిమ్మట ఆలోచింపజేయు పరిశోధనల కిచ్చు ఇగ్నోబెలు బహుమానము వచ్చినది. శాస్త్రము చక్కగనే యున్నది. కాని పుస్తకముల పెట్టెను ఎంగిలిచేయుటకు మాకు చేయి రాలేదు. మీ యిష్టము.

చీటీ పోయిన పిమ్మట పొడిగుడ్డతో నూనె తుడిచి, టర్పెంటైను చెమ్మతో నొకమాఱు తుడిచి, ఒకదినము ఆఱనిండు. తేనెమైనము ఒకపాలు తురిమి, రెండు మూడుపాళ్ల టర్పెంటైనులో నానవేసినచో మఱునాటికి వెన్నవలె నగును. దానిని పలుచగా రాచి మెత్తని గుడ్డతో మెఱుగుపెట్టవలయును. అప్పటికిని చీటీ ఉన్నచోట నలుచదరపు నీడ యొకటి నిలుచును. దానిని చూచి గరుకు కాగితము తీయవద్దు. అది మురికి కాదు, అచ్చట ఇన్నియేండ్లు వెలుతురు సోకలేదు, అంతే. వెలుతురున పనసకొయ్య నల్లబడును, జిట్రేగి వెలిసిపోవును. చీటీ చాటున నున్నది రెండింటికిని దూరముగా నుండెను. ఆ చోటిని కప్పక వదలినచో నెలలు గడచినకొలది నీడ తగ్గును. రెండు వేసవులు ఓపికపట్టుడు.

తీయదగని చీటీలును కలవు. బీరువా వెనుకవైపున చేసినవారి ముద్రగల పాతకాగితము, పెట్టెపై నున్న పాత రైలుచీటీ, సొరుగులో అంటించిన దుకాణము చీటీ, వీనిని వదలుడు. ఆ వస్తువు ఎచ్చటనుండి వచ్చెనో చెప్పుటకు వేఱు సాక్షి లేదు. మా యింట అద్దపు బీరువా చట్రముపై మా తల్లిగారు రాత్రివేళ తీసి అంటించిన ఎఱ్ఱని బొట్టుబిళ్ల యొకటి నేటికిని ఉన్నది. మా కోడలు దానిని తుడువబోయి మమ్ము చూచి ఊరకుండెను. దానిక్రింద పాలిషు చెడియే యుండును. చెడనిండు.

ఇప్పుడు మన వసతిగృహము. నిన్న రాత్రి ఒక విద్యార్థిని దీపము పట్టుకొమ్మని అన్ని గదులును తిరిగితిమి. పరీక్షించినంతవఱకు, పొడవైన చదువుబల్లలును, గ్రంథాలయపు రెండు బీరువాలును లక్క పాలిషువే. వానిపై క్రికెట్టు ఆటగాండ్ర బొమ్మలు, పోటీపరీక్షల శిక్షణాలయముల ప్రకటనలు, గత యెన్నికల గుర్తులు కలవు. పిల్లలను తప్పుపట్టబోవు పెద్దలకొక మనవి: అన్నింటికన్న గట్టిగా అంటియున్నవి ఆస్తిపట్టికకై మన సంఘమువారే అంటించిన అంకె చీటీలు. ఒక బీరువాపై అట్టి చీటీ నొకదానిని మూలనుండి లేపి చూచితిమి. దాని క్రింద దాత పేరు వడ్రంగి ఉలితో చెక్కిన అక్షరములున్నవి. సగము లోతు మాత్రమే చెక్కియున్నది. యంత్రముతో గీకినచో ఆ యక్షరములు దుమ్మై పోవును. ఆ దాత మనుమలు ఈ సభలో ముందు వరుసలోనే యున్నారు. వారి పేరు చెప్పి వారిని ఇబ్బంది పెట్టము.

గీకించుటవలన మఱియొక నష్టము కలదు. యంత్రము పూతను మాత్రము తీయదు. కొయ్య పైపొరను, అంచుల గుండ్రదనమును, చేతులానియాని వచ్చిన నునుపును తీయును. దానికి క్రొత్తపూత చల్లవచ్చును, అది మెఱయును. అది వేఱొక బల్ల. ఏ బల్లపై పాలిషు ఇప్పటికే పూర్తిగా పోయి కఱ్ఱ తేలియున్నదో, అట్టివి మూడు కనుపించినవి, వానిని చేయించుటకు మాకు ఆక్షేపణ లేదు. మిగిలినవానిని చేయించుటకు ఒప్పుకొనము. మాకు రేపటి సమావేశమున ఓటు లేదు. కావున నేడే యీ వేదికమీదనే చెప్పుచున్నాము: తీర్మానమును ఒక సంవత్సరము వాయిదావేయుడు. అంతవఱకు సెలవుదినములలో వచ్చి, పిల్లలతో కూర్చుండి, ఒక్కొక్క చీటీని తీయించు పని మేము చేయుదుము. నూనె, దూది, మైనము ఖర్చు మాది. ఇకముందు అంకెలు కావలసినచో ఇత్తడిబిళ్లకు దారము కట్టి సొరుగుపిడికి తగిలింపవచ్చును, లేదా బల్ల అడుగున సుద్దతో వ్రాయవచ్చును.

మధ్యాహ్న భోజనానంతరము వసతిగృహపు ఉత్తరపు వరండాలో బల్ల నొకదానిని వేయించియుంచితిమి. దానిపై పదునొకండు చీటీలున్నవి. చూడగోరువారు, ముఖ్యముగా రేపు ఓటు చేయబోవువారు, అచ్చటికి దయచేయుడు. పాతపంచె ముక్క నొకదానిని తెచ్చుకొన్నచో మేలు. మా యొద్ద గుడ్డలు చాలవు.